కరుణ అలసిపోతుందా? – మనోవ్యథను వినేవారి గ్లాని చరిత్ర

శ్రీమద్భాగవత పంచమస్కంధంలోని భరతోపాఖ్యానం సుప్రసిద్ధం. సామ్రాజ్యాన్ని తృణప్రాయంగా త్యజించి గండకీతీరంలో తపోనిష్ఠుడైన ఆ రాజర్షి, సింహగర్జనకు బెదరిన తల్లిలేడి గర్భం నుండి జారి ప్రవాహంలో కొట్టుకుపోతున్న శిశువును చూచి, జాలితో రక్షించాడు. అది ధర్మమే. కాని క్రమంగా స్నానం, జపం, అర్చన సడలిపోయాయి. పిల్ల కనబడకపోతే మనస్సు తల్లడిల్లేది. తుదకు దానినే స్మరిస్తూ దేహం విడిచి, లేడియై జన్మించాడు. పోతన భాగవతంలో ఈ స్కంధాన్ని ఆంధ్రీకరించిన కవి గంగన. తెలుగునాట పౌరాణికులు ఈ కథను మోహానికి దృష్టాంతంగా చెబుతూ వచ్చారు. పరదుఃఖాన్ని తుడవబోయిన మనస్సు ఆ దుఃఖంలోనే ఏల మునిగిపోతుంది అనే ప్రశ్న కూడా ఇందులో నిహితమై ఉన్నది. ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య మనోవిజ్ఞానం ఈ ప్రశ్ననే వేరొక మార్గంలో ఎదుర్కొన్నది.

1910లో న్యూరెంబర్గ్ సభలో సిగ్మండ్ ఫ్రాయిడ్, రోగి ప్రభావం వలన చికిత్సకుని అంతరంగంలో పుట్టే భావావేశాన్ని ప్రస్తావించి, దానిని చికిత్సకుడు తనలో గుర్తించి జయించాలన్నాడు. 1912లో మరొక అడుగు వేసి, మనోవిశ్లేషకుడు శస్త్రవైద్యుని వలె తన సహజమైన జాలిని సైతం ప్రక్కన ఉంచాలని ఉపదేశించాడు. ఈ తాటస్థ్యం ఆయన శిష్యుడైన హంగేరీ వైద్యుడు షాండోర్ ఫెరెంట్సీకి రుచించలేదు. 1932 నాటి తన దినచర్యా గ్రంథంలో చికిత్సకుని భావశూన్యతను ఆయన తీవ్రంగా విమర్శించాడు. దూరంగా ఉంటే హృదయం శిలయగును, దగ్గరైతే దగ్ధమగును. ఈ సంకటం నాటి నుండి ఆ వృత్తిని విడువలేదు.

'దగ్ధం' అన్న మాట ఇక్కడ యాదృచ్ఛికం కాదు. జర్మనీలో జన్మించి, నాజీల పీడన నుండి బాల్యంలోనే తప్పించుకొని అమెరికా చేరిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ మనస్తత్త్వవేత్త అయ్యాడు. న్యూయార్కులోని ఒక ఉచిత చికిత్సాలయంలో, ముఖ్యంగా మాదకద్రవ్యాలకు బానిసలైన యువకులకు, ఆయన సేవ చేశాడు. ఉత్సాహంతో వచ్చిన సేవకులు క్రమంగా నిస్సత్తువ, చిరాకు, నిరాశలకు లోనగుట గమనించాడు. తానూ అదే స్థితికి చేరాడు. 1974లో ఆయన రాసిన వ్యాసంతో 'బర్నౌట్' అనే మాట శాస్త్రపరిభాషలో స్థిరపడింది. ఆ తరువాత క్రిస్టినా మాస్లాక్ పరిశోధనల ఫలంగా 1981లో దానిని కొలిచే ప్రశ్నావళి వెలువడింది. భావాల అలసట, మనుషులను వస్తువులుగా చూసే నిర్లిప్తత, తన పని వ్యర్థమనే భావన దాని మూడు అంగాలు.

వ్యథితులకు చికిత్స చేసేవారి స్థితి ఇంకొంత భిన్నమైనది. బర్నౌట్ పనిభారం నుండి పుడుతుంది. వీరి వేదన విన్న దుఃఖం నుండి పుడుతుంది. 1980లో అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో ఆఘాతానంతర మనోవికారానికి స్థానం లభించింది. నాటి నుండి యుద్ధపీడితుల, హింసాపీడితుల గాథలను దినదినం వినడం చికిత్సకుల విధిగా విస్తరించింది. అలా వినేవారి విశ్వాసాలు, లోకదృష్టి సైతం మారిపోతున్నాయని 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ ప్రతిపాదించారు. 1992లో జాయిన్‌సన్ నర్సుల విషయంలో 'కంపాషన్ ఫెటీగ్', అనగా కరుణాగ్లాని, అనే పదాన్ని వాడింది. వియత్నాం యుద్ధంలో పాల్గొని, ఆపై ఆ సైనికుల మానసిక క్షతాలను అధ్యయనం చేసిన చార్లెస్ ఫిగ్లీ 1995లో ఆ పదాన్ని గ్రంథనామంగా స్వీకరించి, మనోచికిత్సకులకు అన్వయించాడు. అన్యుల ఆత్మరక్షణకై పాటుపడే చికిత్సకులు తమ రక్షణను నిరంతరం ఉపేక్షిస్తున్నారని 2002లో హెచ్చరించాడు. 2013 నాటి నూతన వర్గీకరణలో, వృత్తిధర్మంగా దారుణ వృత్తాంతాల వివరాలకు పదేపదే గురికావడం కూడా ఆ వికారానికి హేతువు కాగలదని అంగీకరించారు.

భారతదేశంలో క్లినికల్ సైకాలజీ వ్యవస్థీకృత శిక్షణ 1955లో బెంగళూరులో, నేటి నిమ్హాన్స్‌కు పూర్వరూపమైన సంస్థలో ప్రారంభమైంది. మన రాష్ట్రాలలో విశాఖపట్నం, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలల గడపలలో నేటికీ ఈ ఉభయసంకటమే ప్రతిదినం ఎదురవుతున్నది. ఒకరి శోకం వినడం ముగియకముందే ద్వారం వద్ద మరొకరు నిలిచి ఉంటారు.

అయితే అలసినది నిజంగా కరుణయేనా? ఫ్రాన్సులో జన్మించి, అణుజన్యుశాస్త్రంలో పట్టం పొంది బౌద్ధభిక్షువైన మాథ్యూ రికార్ 2007లో మాస్ట్రిక్ట్ ప్రయోగశాలలో మెదడు చిత్రణ యంత్రంలో ధ్యానం చేశాడు. అనాథ బాలల దుఃఖాన్ని కేవలం తనదిగా అనుభవించినంతసేపు ఆయన త్వరగా అలసిపోయాడు. ఆ దుఃఖం తొలగాలనే మంగళాశంసతో కూడిన కరుణలోకి మారగా ఆ గ్లాని తొలగింది. లైప్‌జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన టానియా సింగర్, ఓల్గా క్లిమెక్కి ప్రభృతులు సామాన్యులపై చేసి ప్రచురించిన శిక్షణాపరిశోధనలో కూడా ఇదే భేదం కనిపించింది. పరదుఃఖానుభూతిని పెంచిన శిక్షణ వేదనను పెంచింది. కరుణాశిక్షణ ప్రసన్నతను పెంచింది. దీనిని బట్టి అలసేది కరుణ కాదు, తాదాత్మ్యవేదన అని వారు వాదించారు.

ఈ వివేకం శాస్త్రంలో ఉన్నదే. గీతలో అర్జునుని ఆవహించినది కృప. దానితో గాండీవం జారింది, దేహం కంపించింది. పన్నెండవ అధ్యాయంలో భక్తలక్షణంగా చెప్పిన కరుణ ప్రక్కనే నిర్మమత్వం, నిరహంకారం, సమత్వం నిలిచి ఉన్నాయి. మొదటిది మనిషిని ఆక్రమిస్తుంది. రెండవదానికి మనిషి ఆశ్రయమవుతాడు. యోగసూత్రాలలో పతంజలి మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షలను చిత్తప్రసాదనానికి సాధనాలుగా చెప్పాడు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ ఉపేక్ష దుఃఖితుల పట్ల కాదు, అపుణ్యుల పట్ల. దుఃఖితునికి విధించినది కరుణయే. కనుక అలసిన చికిత్సకునికి ఉదాసీనతను మందుగా చెప్పడం శాస్త్రసమ్మతం కాదు.

నవమస్కంధంలోని రంతిదేవుడు భరతునికి ప్రతిబింబం. నలభై ఎనిమిది దినాలు ఆహారపానీయాలు లేక, దొరికిన అన్నాన్ని అతిథులకు పంచి, మిగిలిన నీటిని దప్పికగొన్నవానికి ఇచ్చాడు. మోక్షాన్ని కోరక, ప్రాణులందరిలో ఉండి వారి దుఃఖాన్ని తాను భరించాలని కోరుకున్నాడు. ఆ నీటిని ఇచ్చిన క్షణంలోనే అతని శ్రమ తొలగిందని భాగవతం చెబుతుంది. భరతునిది 'నా లేడి'. రంతిదేవునికి 'నా' అనదగినది మిగలలేదు.

కాని రంతిదేవుని పేరు చెప్పి సేవకులపై మోయలేని భారం మోపరాదు. రాజర్షి స్వయంగా ఎంచుకున్న త్యాగం వేరు, సంస్థ విధించిన అతిశ్రమ వేరు. విశ్రాంతి, గురుతుల్యుల మార్గదర్శనం, పంచుకొనగల సహచరులు లేనివానిని 'నీలో కరుణ తగ్గింది' అని నిందించడం అన్యాయం. పరులకు శ్రోత అయినవానికీ ఒక శ్రోత కావాలి. ఆఘాతాలను విని విని నలిగిన హృదయానికి, ఎదుటివాని దుఃఖం తనది కాదనీ, ఎదుటివాని క్షేమం మాత్రం తన కోరిక అనీ గుర్తుచేసేవారు ఉండాలి. భరతుని ఆశ్రమంలో అట్టివారు ఒక్కరైనా ఉండి ఉంటే ఆ లేడిపిల్ల అలాగే బ్రతికేది, ఆ తపస్సూ నిలిచేది.