వాలు అక్షరములు – మన తెలుగు లిపి

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట నొక వివాహము జరిగినది. శుభలేఖలు అచ్చై వచ్చినవి. చూడగా అక్షరములన్నియు కుడిప్రక్కకు ఒరిగి యున్నవి. మా పెదనాయన కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచి, "ఏం నాయనా, ఈ అక్షరాలు గాలికి పడిన జొన్నచేను మాదిరి ఉండాయే! ముహూర్తం ఎప్పుడో నువ్వే చదివి చెప్పు" అనెను. ఆయన అరువదియేండ్లుగా భారతభాగవతములు చదువుచున్న మనిషి. ఆ మాట నన్ను ఊరకుండనీయలేదు. ఈ వాలు అక్షరములు ఎక్కడివో, మన లిపికి ఎట్లు వచ్చినవో విచారింప బూనితిని.

వీని పుట్టినిల్లు ఇటలీ దేశము. అందుచేతనే ఇంగ్లీషువారు వీనిని ఇటాలిక్కు లందురు. వెనిసు నగరమున ఆల్డసు మనూటియసు అను ముద్రాపకుడు 1501వ సంవత్సరమున వర్జిలు కవి కావ్యములను చిన్న పుస్తకముగా ఈ అక్షరములతో అచ్చువేసెను. అచ్చులు చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆ దేశపు పండితులు కాగితముపై కలముతో త్వరత్వరగా వ్రాయునపుడు అక్షరము సహజముగనే ఒరిగెడిది. గ్రిఫో ఆ చేవ్రాతనే లోహమున దించెను. అనగా నిలువక్షరమును త్రోసి వాల్చినది కాదు, వేరుగ చెక్కిన అక్షరమన్నమాట. ఈ భేదము మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మొదట పుస్తకమంతయు దానితోనే వేసిరి. పిమ్మట అది నిలువక్షరమునకు తోడుగా నిలిచి, నొక్కి చెప్పవలసిన మాటకును, పరభాషా పదమునకును గుర్తు అయినది.

ఇంగ్లీషు అక్షరముల కొనలయందు సన్నని గీటు లుండును. వానిని సెరిఫు లందురు. క్రీ. శ. 113 నాటి రోమునగరపు ట్రాజను స్తంభము మీది శాసనములో వానిని స్పష్టముగ చూడవచ్చును. రాతికిని అక్షరమునకును గల చుట్టరికము మనకు క్రొత్తది కాదు. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనములలో మిక్కిలి ప్రాచీనమని పెక్కుమంది చెప్పునది మన కడప మండలములోని కలమళ్ల శాసనమే. అది 575 ప్రాంతము నాటిది; రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది.

రాతి తరువాత మనకు తాటాకు వచ్చినది. కర్నూలు, కడప సీమలలో పాత యిండ్ల అటకలమీద తాళపత్రపు కట్టలను చూచినవారు మీలో పలువు రుందురు. గంటముతో ఆకుపై గీయునపుడు నార వెంట తిన్నని గీత లాగినచో ఆకు చీలును. కనుక చేయి గుండ్రముగ తిరుగవలసి వచ్చినది. మసి పూసి తుడిచినప్పుడే ఆ వ్రాత కంటికి కనబడును. మన అక్షరముల గుండ్రదనమునకు ఇది ముఖ్య కారణమని పండితుల మతము. కలము పరుగు ఒక లిపిని వాల్చినది. ఆకు నార ఇంకొక లిపిని గుండ్రము చేసినది.

ఈ రెండు లిపులును మా కడపలోనే ఎదురుపడినవి. 1820వ సంవత్సరమున కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను తెలుగు నేర్చి, తన బంగళాలో పండితులను కుదుర్చుకొని, తాళపత్ర గ్రంథములను కాగితములకు ఎక్కించెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అర్థముతో కూడ మద్రాసున అచ్చువేయించెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేపేరిలో అచ్చయినది. ఆ నిఘంటువును తెరచి చూడుడు. ఇంగ్లీషు ప్రక్కనున్నను తెలుగు మాట నిటారుగనే నిలిచియున్నది.

తెలుగు టైపులను వాల్చకపోవుటకు ఖర్చొక కారణమై యుండవచ్చును. ఇంగ్లీషున అక్షరములు ఇరువదియారు. మనకు గుణింతములు, ఒత్తులు కలిపి కొన్ని వందల సీసపు అచ్చులు కావలెను. రెండవ జత పోయించుట సామాన్యమైన అచ్చుకూటమునకు తలకు మించిన పని. అయినను నాకు తోచిన కారణము వేరొకటి. మనకు దాని అక్కర అంతగా లేదు. "ఈ చేను నాదే" అనుట వేరు, "ఈ చేనే నాది" అనుట వేరు. మొదటిదానిలో ఇతరునికి హక్కు లేదనుచున్నాము. రెండవదానిలో ప్రక్క చేను నాది కాదని ఒప్పుకొనుచున్నాము. దస్తావేజులు వ్రాసిన పెద్దల కిది నేను చెప్పవలయునా? ఇంగ్లీషువాడు తరచుగా అక్షరమును వాల్చి చూపు పనిని మనము ఒక్క ఏకారముతో సాధించుచున్నాము. అది కంటికే కాదు, చెవికిని వినబడును.

ఇక నేటి సంగతి. కంప్యూటరులో ఒక మీట నొక్కినచో నిలువక్షరము ఒరుగును. గ్రిఫో వలె ఎవరును కూర్చుండి చెక్కినది కాదు, ఉన్నదానిని త్రోసినది. మీది గుడి కుడికి జరుగును, క్రింది ఒత్తు ఎడమకు జరుగును. చిన్న అచ్చులో ద క్రింది గీటు మసకబారి ధకారమో దకారమో తెలియదు. పకారమును వకారమును ఒకటివలె తోచును. తెలుగునకు వాలు అక్షరము కూడదని నేను అనను. నేర్పరి యెవడైన మన చేవ్రాతలను పరిశీలించి, ఒత్తు ఎక్కడ నిలువవలెనో ఆలోచించి క్రొత్తగా చెక్కినచో నేనే మొదట కొందును. త్రోసిన అక్షరముతో మాత్రము పెద్దల కండ్లను బాధింపకుందురు గాక.

మా శుభలేఖ మాట చెప్పుట మరచితిని. మరల వేయించుటకు వ్యవధి చాలలేదు. మా ఊరి పెద్దలకు పంపవలసిన నలుబది లేఖల వెనుక ముహూర్తమును, పెండ్లి జరుగు ఊరిని నేనే నిలువక్షరములతో చేత వ్రాసి పంపితిని.