జెర్డన్ చెట్టు కప్ప: తొర్రలో దాగిన చరిత్ర

కడప అడవుల కలివికోడి గురించి మీరు వినే ఉంటారు. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తరువాత కనుమరుగై, 1986లో లంకమల పరిసరాల్లో మళ్లీ దొరికిన పక్షి అది. ఆంగ్లంలో దానికి థామస్ జెర్డన్ పేరే ఉంది. ఆయన మద్రాసు ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన వైద్యుడు. ఆయన పేరు మోస్తున్న మరో ప్రాణి, తూర్పు హిమాలయాల చెట్టు కప్ప, కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే.

1870లో జెర్డన్ డార్జిలింగ్ కొండల్లో సేకరించిన కప్పలు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం చేరాయి. 1872లో ఆయన మరణించాడు. 1876లో ఆ మ్యూజియం శాస్త్రవేత్త ఆల్బర్ట్ గుంథర్ వాటిని వర్ణించి, జాతికి జెర్డన్ పేరు పెట్టాడు. అంతటితో కథ ఆగిపోయింది. ఆ జాతి అంతరించి ఉంటుందని చాలామంది భావించారు.

ఇన్నేళ్లు అది ఎక్కడ దాక్కుంది? మనం కప్పల కోసం వాగుల్లో, మడుగుల్లో చూస్తాం. ఇదేమో నేలకు ఆరు మీటర్ల ఎత్తు వరకు ఉండే చెట్టు తొర్రల్లో కాపురముంటుంది! 2007లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎస్.డి. బిజు బృందం ఈశాన్య అడవుల్లో వేరే కప్పల కోసం రాత్రివేళ తిరుగుతుండగా, తలపైనుంచి కొత్త అరుపులు వినిపించాయి. వెతికింది కళ్లతో, దొరికింది చెవులకు.

దీని సంతాన పోషణ మరీ విచిత్రం. ఆడ కప్ప నీరు నిలిచిన తొర్ర లోపలి గోడలకు గుడ్లు పెడుతుంది. పొదిగిన టాడ్‌పోల్‌లు నీటిలోకి జారతాయి. ఆ కాస్త నీటిలో వాటికి తిండేముంటుంది? అందుకే తల్లి మళ్లీ వచ్చి, ఫలదీకరణ చెందని గుడ్లను వాటికి ఆహారంగా విడుస్తుంది.

2016 జనవరిలో బిజు బృందం దీనికి ఫ్రాంకిక్సాలస్ అనే కొత్త ప్రజాతి పేరు ప్రకటించింది. సరిగ్గా అదే నెలలో చైనా శాస్త్రవేత్తలు టిబెట్‌లోని మెడోగ్‌లో దొరికిన దీని దగ్గరి చుట్టానికి నాసుటిక్సాలస్ అని పేరు పెట్టారు. రెండూ ఒకటే ప్రజాతి అని తరువాత తేలింది. ముందు అచ్చయిన పేరే చెల్లుతుందన్నది నామకరణ నియమం. ఆ లెక్కన నాసుటిక్సాలస్ నిలిచింది. నూరేళ్లకు పైగా పట్టించుకోని కప్పకు ఒకే నెలలో రెండు పేర్లు!

కొత్త పేరు వచ్చినంత మాత్రాన దానికి రక్షణ దొరకలేదు. కప్పలు దొరికిన ఒకచోటికి తిరిగి వెళ్లిన పరిశోధకులకు, సాగు కోసం నరికి కాల్చిన అడవి కనిపించింది. అక్కడ మళ్లీ మొక్కలు మొలవవచ్చు. కానీ నీరు నిలిచే తొర్ర ఏర్పడాలంటే ఆ మొక్క ముందు ముసలి చెట్టు కావాలి.