మక్రాన్ తీర రహదారి: హింగోల్ ఎడారి లోయల మీదుగా

కరాచీ నుంచి పడమరగా బయల్దేరి, హబ్ పట్టణం దాటి, లియారీ సమీపంలోని జీరో పాయింట్ దగ్గర ప్రధాన రహదారిని వదిలితే మక్రాన్ తీర రహదారి మొదలవుతుంది. అధికారికంగా దీని పేరు ఎన్-10. బలూచిస్తాన్ తీరం వెంబడి గ్వాదర్ మీదుగా ఇరాన్ సరిహద్దు వైపు సాగే ఈ రోడ్డు పొడవు సుమారు 650 కిలోమీటర్లు. 2004లో ఇది పూర్తయ్యే వరకు ఈ ప్రాంతానికి సరైన దారి లేదు. క్రీ.పూ. 325లో భారత్ నుంచి వెనుదిరిగిన అలెగ్జాండర్ సైన్యం ఆకలికి, దాహానికి భారీగా నష్టపోయిన గెడ్రోసియా ఎడారి ఇదే.

దారిలో కనిపించేవి

కరాచీకి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో హింగోల్ జాతీయ పార్కు వస్తుంది. 1988లో ఏర్పాటైన ఈ పార్కు దాదాపు 6,000 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. కొండమేకలు, చింకారాలు, హింగోల్ నదిలో మొసళ్లు ఇక్కడ బతుకుతున్నాయి.

మొదట రోడ్డుకు దక్షిణాన చంద్రగుప్ బురద అగ్నిపర్వతం ఉంది. ఇందులోంచి లావా రాదు. భూగర్భంలోని మీథేన్ వాయువు చల్లని బురదను పైకి నెడుతుంది. హింగ్లాజ్ యాత్రికులు ముందుగా ఇక్కడ ఆగి, బురదలో కొబ్బరికాయలు వేసి మొక్కుకుంటారు. తర్వాత అఘోర్ వద్ద హింగోల్ నదిపై వంతెన, కుండ్ మలీర్ బీచ్, ఆపైన బుజీ కనుమ వస్తాయి. కిరీటం పెట్టుకున్న స్త్రీలా కనిపించే ‘ప్రిన్సెస్ ఆఫ్ హోప్’, సింహికను పోలిన మరో శిల ఈ కనుమలోనే ఉన్నాయి.

ఈ శిలలు ఎలా ఏర్పడ్డాయి?

సింహిక ఏదో ప్రాచీన ఆలయ శిథిలమని ఇంటర్నెట్‌లో ప్రచారం ఉంది. అది నిజం కాదు. ఇక్కడ అరేబియా ఫలకం యురేషియా ఫలకం కిందికి దూరుతోంది. ఆ ఒత్తిడికి సముద్రగర్భంలో పేరుకున్న మట్టి, ఇసుక పొరలు పైకి లేచాయి. మెత్తటి ఆ పొరలను గాలి, అరుదుగా కురిసే జోరువానలు కోసి ఈ రూపాలు తెచ్చాయి. అవే గాలి, వానలు రేపు వీటిని చెరిపేస్తాయి కూడా. 1945 నవంబరులో 8.1 తీవ్రతతో భూకంపం, సునామీ ఈ తీరాన్ని కుదిపేశాయి. 2013 భూకంపం తర్వాత గ్వాదర్ దగ్గర సముద్రంలో పైకి లేచిన బురద దీవి కొన్నేళ్లకే అలల్లో కలిసిపోయింది.

హింగ్లాజ్ గుహ

అఘోర్ నుంచి ఉత్తరాన ఇరుకైన లోయలో హింగ్లాజ్ మాత గుహాలయం ఉంది. ఇక్కడ చెక్కిన విగ్రహం లేదు, సింధూరం పూసిన శిలనే పూజిస్తారు. శ్రీశైలం, అలంపురం, పిఠాపురం ఉన్న పద్దెనిమిది శక్తిపీఠాల జాబితాలో దీని పేరు కనిపించదు. 51 పీఠాల సంప్రదాయంలో మాత్రం సతీదేవి శిరోభాగం పడిన చోటు ఇదే. స్థానిక ముస్లింలు దీన్ని ‘నానీ మందిర్’ అంటారు. ఏటా ఏప్రిల్‌లో జరిగే యాత్రకు ప్రధానంగా సింధ్ నుంచి వేల మంది హిందువులు వస్తారు. ఒకప్పుడు ఒంటెలపై, కాలినడకన రోజుల తరబడి సాగిన యాత్ర ఇప్పుడు కరాచీ నుంచి కొన్ని గంటల ప్రయాణం.

రోడ్డు తెచ్చినవి

రోడ్డుతో పాటు ఒత్తిళ్లూ వచ్చాయి. హింగోల్ నదిపై ప్రతిపాదించిన ఆనకట్ట ఆలయ ప్రాంతాన్ని ముంచుతుందని హిందువులు ఆందోళన చేశారు. 2008లో బలూచిస్తాన్ శాసనసభలోనూ దానిపై అభ్యంతరాలు వచ్చాయి. 2019 ఏప్రిల్‌లో ఓర్మారా సమీపంలో ఇదే రహదారిపై సాయుధులు బస్సులు ఆపి 14 మందిని కాల్చి చంపారు.

భారతీయులకు ఈ దారి మరింత దూరం. 2006లో మాజీ కేంద్ర మంత్రి జస్వంత్ సింగ్ నాయకత్వంలో ఒక బృందం రాజస్థాన్ నుంచి రోడ్డు మార్గంలో హింగ్లాజ్ వెళ్లి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత ఇరు దేశాలు వీసాలను చాలావరకు రద్దు చేసుకున్నాయి, అట్టారీ–వాఘా సరిహద్దు మూతపడింది. కరాచీ యాత్రికుడికి కొన్ని గంటల దూరంలో ఉన్న గుహ, సరిహద్దుకు ఇటువైపున్న భక్తుడికి మాత్రం అందనంత దూరమైంది.