నీళ్ళ నడుమ ఊళ్ళు: కొల్లేరు, మన కామాటిపుర

కామాటిపుర ఒకప్పుడు నీళ్ళు నిలిచే పల్లం అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. బొంబాయి ఏడు దీవులుగా ఉన్న రోజుల్లో మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య సందులోంచి సముద్రం లోపలికి వచ్చేది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ కట్ట పూర్తయినంక ఈ పల్లాలు మెల్లగా ఎండినై. తర్వాత నిజాం ఇలాకా నుంచి కూలి పనికి వచ్చిన తెలుగోళ్ళు ఇక్కడ స్థిరపడ్డరు. వాళ్ళను కామాటీలు అనేవారు. పేటకు ఆ పేరే నిలిచింది.

నీళ్ళ నడుమ ఉన్న ఊరు ఎట్లుంటదో నేను కొల్లేరులో చూసిన. పోయిన దీపావళి సెలవుల్లో మా చిన్నమ్మ వాళ్ళతో కైకలూరు దగ్గరి కొల్లేటికోటకు పోయినం. అక్కడ పెద్దింట్లమ్మ గుడి ఉంది. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పెద్ద మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తాయి. సరస్సు లోపలి మెరకల మీద ఊళ్ళున్నాయి. వాటిలో చాలావాటిని లంకలంటారు. నీళ్ళు నిండితే ఊరు తేలుతున్నట్టే కనిపిస్తుంది. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సులో ఇళ్ళు నిజంగానే తేలుతాయి, నీళ్ళతోపాటు లేస్తాయి. కొల్లేటి ఇళ్ళు మాత్రం నేల మీదివే.

పడవ నడిపే ముసలాయనను "తాతా, వెనుక ఎట్లా తిరిగేవాళ్ళు?" అని అడిగిన. "తాటిదోనె మీదే బాబూ. బడికైనా, సంతకైనా, పెళ్ళికైనా అదే" అన్నాడు.

1970ల నుంచి సరస్సులో చేపల చెరువులు తవ్వారు. మొదట పేద జాలర్ల సహకార సంఘాలకు ఇచ్చినా, చాలా చెరువులు లీజుల మీద డబ్బున్నవాళ్ళ చేతికి పోయాయి. గట్లు అడ్డమై వరద నీరు పోవడం కష్టమైంది. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకు ఊపిరి కావాలి, నిజమే. కానీ చెరువుల మీదే బతికే కూలి కుటుంబాలకు పని పోయింది. కాంటూరు తగ్గించమని అక్కడివాళ్ళు ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నారు.

నాకు తోచింది ఇది. బొంబాయిలో కట్ట కట్టి నీళ్ళను ఆపారు. కొల్లేరులో గట్టు కొట్టి నీళ్ళను వదిలారు. రెండుచోట్లా గీత గీసింది పైవాళ్ళు, మట్టి మోసింది కూలీలు. ఇప్పుడు మన కామాటిపుర గల్లీల్లో పాత చాళ్ళు తీసి కొత్త భవనాలు కట్టే మాట నడుస్తున్నది. ఆ మ్యాపు మీద గీత గీసే ముందు మన అవ్వలను, తాతలను అడగాలి. వాళ్ళు చెప్పేది రాసి పెట్టుకునే పని మన విద్యార్థులమే చెయ్యొచ్చు.