ఒకే తీరు భాష – ఎవరి తీరు?

ఒక విశ్వవిద్యాలయం వెలువరించే పాఠ్యపుస్తకాలూ, ప్రశ్నపత్రాలూ, ప్రకటనలూ ఒకే తీరు భాషలో ఉండాలనడం న్యాయమే. ఆ తీరును నిర్ణయించేదెవరన్నదే చిక్కు. తెలుగునాట ఈ ప్రశ్నపై నూరేళ్ళ క్రితమే పెద్ద వాదం నడిచింది.

1912-13 ప్రాంతంలో, మదరాసు రాష్ట్రపు స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని కావ్యభాషలోనైనా, ఆధునిక భాషలోనైనా వ్రాయవచ్చునని అనుమతి లభించింది. జయంతి రామయ్య పంతులుగారి నాయకత్వాన పండితులు దీనిని ప్రతిఘటించారు. మదరాసు విశ్వవిద్యాలయంలోనూ రచనాభాషపై చర్చ సాగింది. గ్రాంథికం వైపు మొగ్గిన నిర్ణయంతో విభేదిస్తూ గురజాడ అప్పారావుగారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతిపత్రం సమర్పించారు. 1915లో ఆ అనుమతి రద్దయింది. అదే ఏడు గురజాడవారు కన్నుమూశారు.

పండితుల వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. కోస్తాలో ‘వచ్చాడు’, రాయలసీమలో ‘వచ్చినాడు’, మా మెతుకుసీమలో ‘వచ్చిండు’. ‘వచ్చెను’ మాత్రం అందరికీ ఒక్కటే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చేతిలో ఉండగా వేరే నియమం దేనికని వారు అడిగారు.

గిడుగు రామమూర్తిగారు దీనికి ఊహలతో కాక, ఉదాహరణలతో బదులిచ్చారు. గ్రాంథికవాదుల రచనలనే తీసుకొని, అందులో వ్యాకరణం తప్పిన ప్రయోగాలను ఏరి చూపారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ ఆ శ్రమకు ఫలం. విధించినవారే పాటించలేని నియమం ఏకరూపతను ఎలా సాధిస్తుంది?

అప్పుడు మెదకు నిజాము ఏలుబడిలో ఉంది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. పాఠ్యగ్రంథాలకోసం, పారిభాషిక పదాలకోసం ముందే 1917లో అనువాదశాఖను నెలకొల్పారు. ఏకరూపతకు అంత చక్కని ఏర్పాటు చేసిన ఆ విద్యాలయంలో, ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష బోధనకు నోచుకోలేదు. తరువాత వ్యావహారికం గెలిచినా, ప్రమాణరూపం ప్రధానంగా కృష్ణా గోదావరి మండలాల విద్యావంతుల వాడుకపైనే నిలిచింది. ‘వచ్చిండు’ మాత్రం చాలాకాలం గుమ్మం బయటనే ఉంది.

ఒకే పత్రంలో ‘వచ్చెను’, ‘వచ్చాడు’ కలగలిస్తే దోషమే. విద్యాలయం తన నియమాలను వ్రాతలో పెట్టుకొని, అందరిచేతా పాటింపజేయవలసిందే. అయితే ఆ నియమం ఒక పనికోసం చేసుకొన్న ఒప్పందం మాత్రమే. ఆ ఒప్పందంలో లేని పలుకుబడిని తప్పుగా లెక్కగట్టే అధికారం దానికి లేదు. సహృదయులు ఏమంటారో తెలియజేయగలరు.