సలహాకూ ఆదేశానికీ నడుమ

బొల్లారం, ఆల్వాల్, తిరుమలగిరి వాళ్ళకు విమానం మోత వింత కాదు. హకీంపేట నుంచి పొద్దున్నే లేచే శిక్షణ విమానాలు డాబాల మీదుగా పోతుంటే, పాల ప్యాకెట్టు చేతపట్టుకుని ఇంటికి నడిచేవాడు తల కూడా ఎత్తడు. మోతలో తేడా వస్తే మాత్రం అందరూ ఒక్కసారే పైకి చూస్తారు. ఇంజను దగ్గినా, ఉన్నట్టుండి గొంతు తగ్గినా ఈ ఊరి చెవికి తెలిసిపోతుంది. సికింద్రాబాద్ చుట్టూ హకీంపేట, దుండిగల్, బేగంపేట ఎయిర్‌ఫీల్డులు ఉన్నాయి. బోయినపల్లి పక్కన ఫిరోజ్‌గూడలో ఎయిరిండియా పైలట్లకు తర్ఫీదునిచ్చిన కేంద్రం ఉంది. ఇంజను నడిచినంతసేపే విమానం విమానమన్న సంగతి మాకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసినది కాదు.

ఇంజను నడవాలంటే దానికి ఎంత ఇంధనం కావాలో అంతే అందాలి, ఆ క్షణానికే అందాలి. ఎక్కువైతే ముంచేస్తుంది, తక్కువైతే ఆరిపోతుంది. ఈ కొలత చూసే భాగానికి ఒకప్పుడు కార్బ్యురేటర్ అని పేరు. తర్వాత ఇంజెక్షన్ సర్వో వచ్చింది, జెట్ ఇంజన్లతో ఫ్యూయల్ కంట్రోల్ యూనిట్ వచ్చింది, ఇవాళ కంప్యూటరు చెప్పినట్టు తెరుచుకునే మీటరింగ్ కవాటం ఉంది. పేర్లు మారినా పని అదే. ఆ భాగంలో లోపం బయటపడ్డప్పుడు రెండు రకాల కాగితాలు వస్తాయి. ఒకటి తయారీదారు పంపే సర్వీస్ బులెటిన్, లేదా ప్రభుత్వం పంపే సమాచార పత్రం. అది సలహా. రెండోది ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్. హ్యాంగర్లలో దాన్ని ‘ఏడీ’ అంటారు. అది ఆదేశం. తర్వాతి ప్రయాణానికి ముందే అనో, ఇన్ని గంటల లోపల అనో గడువు పెడతారు. గడువు దాటితే ఆ విమానం లేవకూడదు. విమానాన్ని రూపొందించిన దేశం ఏడీ జారీచేస్తే ఆ రకం విమానాలున్న దేశాలన్నిటికీ తెలియజేయాలని అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం చెబుతుంది. మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనూ తప్పనిసరి మార్పులకూ తనిఖీలకూ ప్రత్యేకంగా ఒక భాగముంది. విదేశంలో పుట్టిన ఏడీ ఆ దారిలో బేగంపేట హ్యాంగర్‌కీ చట్టమవుతుంది. సలహాకు ఆ బలం లేదు. ఎనభై ఏళ్ళకు పైబడిన ఈ చరిత్రలో నన్ను కలచివేసేది ఒకటే: లోపం ఉందని తెలిసిన రోజుకూ, దిద్దక తప్పదని ఎవరో సంతకం చేసిన రోజుకూ మధ్య గడిచిన కాలం.

ఈ కథలో మన ఊరి పేరు ఎవరూ ఊహించని చోట మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరి, దానికి హైదరాబాద్ పేరు వచ్చింది. రెండో యుద్ధంలో 152వ, 253వ స్క్వాడ్రన్లు కూడా హైదరాబాద్ పేరు మోశాయి. 152 స్పిట్‌ఫైర్లు నడిపింది, 253 హరికేన్లు నడిపింది. రెండింటిలోనూ రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లే. 1940 వేసవిలో ఇంగ్లండ్ ఆకాశంలో జరిగిన పోరులో ఆ ఇంజనుకు ఒక జబ్బు ఉండేది. శత్రువును తరుముతూ పైలట్ ముక్కు కిందికి వంచగానే కార్బ్యురేటర్‌లోని పెట్రోలు పైకి ఎగిరిపోయేది. ముందు ఇంజనుకు ఇంధనం అందేది కాదు, మరుక్షణం వరదలా పడి ముంచేసేది. నేరుగా ఇంజెక్షన్ ఉన్న జర్మన్ మెసర్‌ష్మిట్‌కు ఆ బాధ లేదు. అది ముక్కు వంచి జారుకుంటే, మనవాడు ముందు బోల్తా కొట్టి తర్వాత డైవ్ చేయాల్సి వచ్చేది.

దానికి మందు కనిపెట్టినది బీట్రిస్ షిల్లింగ్ అనే మహిళా ఇంజనీరు. ఇంధన గొట్టంలో పెట్టే, మధ్యలో కన్నమున్న చిన్న లోహపు ముక్క అది. ఇంజను పూర్తి శక్తితో నడిచేటప్పుడు ఎంత కావాలో అంతకు మించి పెట్రోలు పోనివ్వదు. ఆమె తన బృందంతో ఒక్కో స్థావరానికీ వెళ్ళి, అక్కడే విమానాలకు దాన్ని బిగించి వచ్చేది. అది 1941 మార్చిలో మొదలైంది. అప్పటికి 1940 పోరు ముగిసి నెలలు గడిచాయి. హైదరాబాద్ పేరు మోసిన స్క్వాడ్రన్ల కుర్రాళ్ళు ఆ వేసవంతా జబ్బు ఇంజన్లతోనే పోరాడారు.

ఆ తర్వాతి రోజులను త్వరగా దాటేస్తాను. 1945లో నిజాం రాష్ట్రంలో డెక్కన్ ఎయిర్‌వేస్ పుట్టింది. బేగంపేట నుంచి దాని డకోటాలు ఎగిరాయి. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటాకు రెండు ఇంజన్లుండేవి, ఒకటి మొరాయిస్తే రెండోది ఇంటికి చేర్చేది. ఇంధనం మాట రాగానే మన పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది 1993 నవంబరు 15. మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఎయిర్‌బస్ ఏ300, మంచుతెరలో బేగంపేటలో దిగలేక తిరిగి లేచింది. రెక్కల ఫ్లాప్స్ మూసుకోక ఇంధనం ఎక్కువ తాగింది. వెనక్కి మద్రాసు పోతూ ఇంధనం అయిపోయి తిరుపతి దగ్గర వరిపొలంలో దిగింది. ఒక్క ప్రాణమూ పోలేదు. అది ట్యాంకు ఖాళీ అయిన కథ. ట్యాంకులో ఇంధనం ఉండి కూడా ఇంజనుకు అందకపోతే ఏమవుతుందో చెప్పే కథ దుండిగల్‌ది.

దాని పేరు దీపక్. హెచ్‌ఏఎల్ రూపొందించిన హెచ్‌పీటీ-32. 1977 జనవరిలో మొదటిసారి ఎగిరింది, 1980లలో వైమానిక దళంలో చేరింది. గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చునే చిన్న విమానం. ముందు ఒకే ఒక్క లైకమింగ్ ఇంజను, 260 అశ్వశక్తి. ఆ రోజుల్లో వైమానిక దళంలో పైలట్ కావాలనుకున్న కుర్రవాడు మొదట చెయ్యి పెట్టింది దీని కర్ర మీదే. దుండిగల్ అకాడమీలో తరాలకు తరాలు దీనిమీద రెక్కలు తొడుక్కున్నాయి.

ఆ దీపం గాలిలో ఆరిపోయేది. ఎగురుతుండగా ఇంజను ఆగిపోవడం దీపక్‌కు మొదటినుంచీ ఉన్న రోగం. వేళ్ళన్నీ దాని ఇంధన వ్యవస్థ వైపే చూపాయి. ఇంజెక్షన్ ఇంజనుకు ఇంధనం తెగకుండా అందాలి. దారిలో గాలి బుడగ చేరినా, ఎండకు పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడినా, కవాటం తడబడినా ప్రొపెల్లర్ ఆగుతుంది. పల్టీలు కొట్టే శిక్షణ విమానంలో, మన తెలంగాణ ఎండలో, ఇలాంటి వ్యవస్థకు పరీక్ష మరీ గట్టిది. ఇంజను ఆగితే తేలుతూ దూరం పోయే గుణం దీపక్‌కు తక్కువ. వెయ్యి అడుగుల ఎత్తులో ఇంజను ఆగితే పొలం వెతుక్కునేందుకు దొరికేది కొద్ది క్షణాలు. పక్కనున్న శిష్యుడికి అప్పటికి ఇరవై ఏళ్ళు.

మార్పులు చేయలేదని అనడం అన్యాయం. కమిటీలు కూర్చున్నాయి, ఇంధన వ్యవస్థలో సవరణలు జరిగాయి, విమానాలు మళ్ళీ ఎగిరాయి, మళ్ళీ ఆగాయి. 17 విమానాలు కూలి 19 మంది పైలట్లు ప్రాణాలు కోల్పోయాక గాని ఆ పరంపర తెగలేదు. దీపక్ సాంకేతికంగా వెనకబడిందనీ, భద్రతకు ముప్పనీ కాగ్ కూడా తన నివేదికలో రాసింది. 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయారు. శిక్షకులంటే ఆ విమానం మీద వందల గంటలు గడిపినవాళ్ళు. వాళ్ళే కాపాడుకోలేకపోతే శిష్యుల సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజుతో వందకు పైగా ఉన్న దీపక్‌లన్నీ నేల దిగాయి. కూలుతున్న విమానాన్ని మొత్తంగా మోసి దించే ప్యారాచూట్ అమర్చుదామన్న ఆలోచన కూడా కొన్నాళ్ళు నడిచింది. పడిపోవడాన్ని ఆపలేక, పడేటప్పుడు దెబ్బ తగ్గించే ఉపాయం వెతకడం నాకు బాధగానే తోస్తుంది.

సైన్యం విమానాలకు డీజీసీఏ వర్తించదు. వాటి యోగ్యతను చూసేది డీఆర్‌డీఓ కిందనున్న సెమిలాక్. దాని ఆదేశాలు మామూలు మనిషి కంటపడవు. పౌర విమానాల ఏడీలను ఎవరైనా చదవొచ్చు. ఏ భాగంలో ఏ లోపం, ఎన్నిసార్లు బయటపడింది, ఎప్పటిలోగా మార్చాలి అన్నదంతా అందులో ఉంటుంది. దీపక్ విషయంలో ఇరవై ఐదేళ్ళ పాటు ఏ సవరణ ఎప్పుడు తప్పనిసరైందో, ఏది సిఫార్సుగా ఉండిపోయిందో ఆ పైలట్ల తల్లిదండ్రులకు కూడా కాగితం మీద చూసుకునే దారి లేదు. యుద్ధవిమానాలకు రహస్యం అవసరమే. ఆయుధం లేని శిక్షణ విమానపు పెట్రోలు గొట్టానికి ఎందుకు?

అదే రోజుల్లో బయటి ప్రపంచంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడాలి. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 లండన్ హీత్రూ రన్‌వే ముందే గడ్డిలో కూలబడింది. 152 మందిలో ఎవరూ చనిపోలేదు. పొడవైన చలి ప్రయాణంలో ఇంధన గొట్టాల గోడలకు మంచు పట్టి, దిగే వేళ ఒక్కసారిగా ఊడివచ్చి, ఇంధనాన్ని వెచ్చబెట్టే పరికరం ముఖాన్ని మూసేసిందని విచారణలో తేలింది. ఆ ముఖం మీద సన్నని గొట్టాల కొసలు కాస్త పైకి పొడుచుకొచ్చి ఉండేవి, మంచు వాటికి చిక్కుకునేది. అదే ఏడాది నవంబరులో డెల్టా 777లో ఒక ఇంజను అలాగే శక్తి కోల్పోయింది. ముందు పైలట్లు పాటించాల్సిన జాగ్రత్తల మీద ఏడీ వచ్చింది, తర్వాత ఆ కొసలు లేని కొత్త పరికరాన్ని తప్పక బిగించాలన్న ఏడీ వచ్చింది. ప్రాణం పోకుండానే ఆదేశం వచ్చింది. 2010 ఏప్రిల్ 13న సురబాయ నుంచి హాంగ్‌కాంగ్ వెళ్ళిన కేథే పసిఫిక్ ఏ330లో ఇంధన మీటరింగ్ కవాటాలు బిగుసుకుపోయాయి. ఒక ఇంజను శక్తి తగ్గనంది, రెండోది పెరగనంది. దాదాపు 230 నాట్లు, అంటే గంటకు 425 కిలోమీటర్ల వేగంతో దిగి ప్రాణాలు దక్కించుకున్నారు. విమానాశ్రయంలో ఇంధనం నింపేటప్పుడు వడపోతలోని నీరు పీల్చే పదార్థం లోపలికి చేరిందన్నది కారణం.

చిన్న విమానాల సంగతి వార్తల్లోకి రాదు గాని బేగంపేటలో శిక్షణ విమానాలు చూసుకున్న మెకానిక్కులకు అదే నిత్యం. 2008లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ కొన్ని ఇంధన ఇంజెక్షన్ సర్వోల మీద అత్యవసర ఏడీ ఇచ్చింది. సర్వోకు ఉండే ఒక ప్లగ్గు వదులై ఊడివస్తోందన్నది ఫిర్యాదు. చేత్తో కదిపి చూడాలి, కదిలితే ఎగరకూడదు. ఇంజెక్షన్ ఉన్న లైకమింగ్ ఇంజన్ల మీద మరో ఏడీ ఉంది. సిలిండర్లకు ఇంధనం మోసే సన్నని గొట్టాలనూ, వాటి క్లాంపులనూ ప్రతి 100 గంటలకూ చూడాలి. ఆ గొట్టం పెన్సిలు కంటే సన్నం. అదిరి అదిరి పగిలితే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. చూసిన ప్రతిసారీ లాగ్‌బుక్కులో ఏడీ నంబరు, తేదీ, సంతకం పడాలి.

ఇక 2025 జూన్ 12. అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 787 లేచిన కొద్ది క్షణాలకే కూలింది. విమానంలో 242 మందిలో ఒక్కడు బతికాడు, నేల మీద 19 మంది పోయారు. జులై 12న వెలువడిన ప్రాథమిక నివేదిక ప్రకారం రెండు ఇంజన్ల ఇంధన స్విచ్చులూ ఒక్క క్షణం తేడాతో ఆపే స్థానానికి మారాయి. ఎందుకు మారాయన్నది ఆ నివేదిక చెప్పలేదు, నేనూ చెప్పబోను. నా దృష్టి ఆగింది అందులోని మరో విషయం మీద. ఆ స్విచ్చును కొంచెం పైకి ఎత్తితేగాని అటూ ఇటూ కదలదు, తగిలి పడిపోకుండా ఆ తాళం. కొన్ని 737లలో తాళం పనిచేయని స్థితిలో స్విచ్చులు బిగించి ఉన్నాయని 2018 డిసెంబరు 17న ఎఫ్‌ఏఏ ఒక పత్రం విడుదల చేసింది. 787 స్విచ్చు కూడా ఆ రకందే గనుక పరీక్షించుకోమంది. అయితే అది ఏడీ కాదు, సలహా. ఏడీ ఇవ్వవలసినంత ప్రమాదం లేదని అప్పట్లో వాళ్ళ తీర్మానం. సలహాయే గనుక ఆ తనిఖీ చేయలేదని నివేదికలో ఉంది. కూలిన విమానంలో ఆ స్విచ్చులు అమరి ఉండే థ్రాటిల్ భాగాన్ని 2019లోనూ 2023లోనూ మార్చారు, 2023 తర్వాత స్విచ్చుల మీద ఫిర్యాదు రాలేదు. తాళమే కారణమని ఎవరూ నిరూపించలేదు. 2025 జులై 14న డీజీసీఏ మన దేశపు విమానాల్లో ఆ స్విచ్చులను 21లోగా చూసి తీరాలని ఆదేశించింది. తన 787లనూ 737లనూ చూశామనీ, లోపమేమీ కనబడలేదనీ ఎయిరిండియా చెప్పింది. ఆరేళ్ళ ఏడు నెలలు సలహాగా ఉన్న పని ఆదేశం వచ్చాక వారంలో అయిపోయింది.

దీపక్ స్థానంలో 2012లో 75 స్విస్ పిలాటస్ విమానాలకు ఒప్పందం జరిగింది, 2013 మే 31న దుండిగల్‌లో అవి లాంఛనంగా కొలువులో చేరాయి. హెచ్‌ఏఎల్ మళ్ళీ తన శిక్షణ విమానం తయారుచేసుకుంది. హెచ్‌టీటీ-40 2016లో తొలిసారి ఎగిరింది, 2023లో 70 విమానాలకు ఒప్పందం కుదిరింది. శంషాబాద్ పక్కన సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభమైంది. పూర్తి స్థాయికి వచ్చాక ఏడాదికి 300 ఇంజన్లు చూస్తుందట. మన పాలిటెక్నిక్‌లలో చదివిన పిల్లలు ఆ ఇంజన్ల కవాటాలు విప్పి, ఏడీలు పక్కన పెట్టుకుని, ఒక్కో గడిలో సంతకాలు చేస్తారు. ఆ ఏడీలు వాళ్ళేకాదు, కావాలంటే వాళ్ళ అమ్మానాన్నలూ చదువుకోవచ్చు. హెచ్‌టీటీ-40 దుండిగల్ చేరిన రోజున దాని ఇంధన వ్యవస్థ మీద వచ్చే ప్రతి ఆదేశాన్నీ, తేదీతో సహా, ఆ కుర్రాళ్ళ కుటుంబాలు చదవగలగాలని నేను అడుగుతున్నాను. 19 మంది ఇళ్ళకు ఆ అవకాశం దొరకలేదు.