శాంటా ఫే ఒపెరా: యువ గాయకులకు వేదికే పాఠశాల

సంగీత కళాశాలలో పట్టా అందుకున్న రోజుకూ, ఒపెరా రంగస్థలంపై తొలి ప్రధాన పాత్ర దక్కే రోజుకూ నడుమ ఏళ్ల తరబడి ఎదురుచూపు ఉంటుంది. అప్పటికి కంఠం పూర్తిగా పరిణతి చెంది ఉండదు. పాత్రలు ఇచ్చే సంస్థలు అనుభవం ఏదని అడుగుతాయి. పాత్ర దొరికితే తప్ప అనుభవం రాదు. పాశ్చాత్య సంగీత లోకంలో ఎందరో ప్రతిభావంతులు ఈ మధ్య దారిలోనే గానాన్ని వదులుకొని మరో ఉపాధి చూసుకుంటారు. ఈ అగాధంపై వంతెన కట్టే ప్రయత్నాన్ని అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో ఒక ప్రాంతీయ సంస్థ 1957లోనే ఆరంభించింది. ఆ సంస్థే శాంటా ఫే ఒపెరా. గాయకుల కోసం అది నెలకొల్పిన శిక్షణ పథకం అమెరికాలో ఈ తరహా వాటిలో మొదటిదిగా పేరు పొందింది.

మైకు లేని గానం

ఒపెరా అంటే సంగీతంతో నడిచే నాటకం. కథ, సంభాషణ, భావం అన్నీ ప్రధానంగా గానం ద్వారానే ప్రేక్షకులను చేరుతాయి. వేదిక ముందు పెద్ద వాద్యబృందం ఉంటుంది. గాయకునికి మాత్రం మైకు ఉండదు. మైకులు రాని కాలంలో మన పద్యనాటక నటులు చివరి వరుస ప్రేక్షకునికి కూడా పద్యం వినిపించినట్లే, ఒపెరా గాయకులు కంఠబలాన్నే నమ్ముకోవాలి.

అయితే ఇది గట్టిగా అరిచే విద్య కాదు. సుమారు 3000 హెర్ట్జ్ ప్రాంతంలో వాద్యబృందం ధ్వని కొంత బలహీనంగా ఉంటుంది. శిక్షణ పొందిన గాయకుడు సరిగ్గా ఆ ప్రాంతంలో తన కంఠంలోని అనునాదాన్ని పెంచుకుంటాడు. అందువల్ల డజన్ల కొద్దీ వాద్యాలు మోగుతున్నా గొంతు విడిగా వినిపిస్తుంది. ఈ నేర్పు అబ్బడానికి ఏళ్ల సాధన కావాలి. దీనికి తోడు ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్ భాషల్లో స్పష్టమైన ఉచ్చారణ, నటన, వేదికపై కదలిక నేర్చుకోవాలి. అందుకే ముప్పై ఏళ్లకు చేరువైనవారిని కూడా ఈ రంగంలో యువ కళాకారులుగానే పరిగణిస్తారు.

ఆరంభం ఇలా

సంస్థ స్థాపకుడు జాన్ క్రాస్బీ (1926–2002) సంగీత నిర్వాహకుడు. అమెరికా గాయకులు వేదికానుభవం కోసం ఐరోపాకు వలస వెళ్లవలసి వస్తున్న రోజులవి. స్వదేశంలోనే వారికి పని, శిక్షణ కలిసి లభించే చోటు ఉండాలని ఆయన భావించారు. తల్లిదండ్రుల ఆర్థిక సాయంతో శాంటా ఫే నగర శివార్లలోని కొండ నేలపై 480 ఆసనాల ఆరుబయలు రంగశాలను నిర్మించారు. 1957 జులై 3న పుచ్చీని రచించిన ‘మదామా బటర్‌ఫ్లై’తో తొలి తెర లేచింది. తన ‘ది రేక్స్ ప్రోగ్రెస్’ ప్రదర్శన సన్నాహాలకు ప్రసిద్ధ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ అదే వేసవిలో స్వయంగా అక్కడికి వచ్చారు.

ఆ మొదటి ఏడాది నుంచే యువ గాయకులు సంస్థలో భాగమయ్యారు. 1965లో రంగాలంకరణ, దుస్తులు, దీపాలంకరణ వంటి సాంకేతిక విభాగాలకూ శిక్షణను విస్తరించారు. 1967 జులైలో రంగశాల అగ్నికి ఆహుతైనా, మిగిలిన ప్రదర్శనలను ఒక పాఠశాల వ్యాయామశాలలో పూర్తిచేశారు. మరుసటి ఏడాదికే కొత్త రంగశాల సిద్ధమైంది. పైకప్పు ఉండి పక్కలు తెరిచి ఉండే ప్రస్తుత రంగశాల 1998 నాటిది. ఇందులో 2,100కు పైగా ఆసనాలున్నాయి.

శిక్షణ ఎలా సాగుతుంది?

దేశం నలుమూలల నుంచి వచ్చే దరఖాస్తులను వడపోసి, గాన పరీక్షలు నిర్వహించి, ఏటా సుమారు 40 మంది గాయకులను ఎంపిక చేస్తారు. వేసవి ఆరంభంలో వారు శాంటా ఫే చేరుకుంటారు. ఆగస్టు చివరి వరకు సాగే ఉత్సవంలో సాధారణంగా ఐదు ఒపెరాలను ప్రదర్శిస్తారు. ఒక రాత్రి ఒకటి, మరునాడు మరొకటి చొప్పున అవి వంతులవారీగా నడుస్తాయి.

శిక్షణార్థులకు ఇక్కడ మూడు బాధ్యతలుంటాయి. మొదటిది బృందగానం. ఈ సంస్థలో బృందగాయకులు వారే. రెండోది చిన్న పాత్రల పోషణ. దూత, సేవకురాలు, సైనికుడు వంటి పాత్రలు నాలుగు వాక్యాలవే అయినా, సుప్రసిద్ధ గాయకుల సరసన పాడే అవకాశం ఇస్తాయి. మూడోది మారు గాయకులుగా సిద్ధంగా ఉండటం. ప్రధాన గాయకునికి జబ్బు చేస్తే ఆ రాత్రి పాత్రను నిలబెట్టవలసినవారు వీరే. పిలుపు వస్తుందో రాదో తెలియకపోయినా పాత్రంతా కంఠస్థం చేసి ఉండాలి.

వీటితో పాటు పియానో సహకారంతో పాత్ర సాధన, కంఠ శిక్షణ, భాషా పాఠాలు, గాన పరీక్షలను ఎదుర్కొనే మెలకువలు ఉంటాయి. ఆగస్టులో జరిగే ప్రత్యేక ప్రదర్శనల్లో వేర్వేరు ఒపెరాల నుంచి ఎంచుకున్న దృశ్యాలను శిక్షణార్థులే ప్రధాన పాత్రల్లో అభినయిస్తారు. వేదికను, దుస్తులను, దీపాలను సాంకేతిక శిక్షణార్థులు సమకూరుస్తారు. కొత్త గొంతుల అన్వేషణలో ఉన్న ఇతర సంస్థల ప్రతినిధులు వీటిని శ్రద్ధగా గమనిస్తారు.

పనా, పాఠమా?

శిక్షణార్థులకు సంస్థ పారితోషికం ఇస్తుంది. వారు లేనిదే ప్రదర్శన నడవదు. ఈ పద్ధతి బలం అదే, దానిపై వచ్చే ప్రశ్నకూ మూలం అదే. ఇది శిక్షణా, తక్కువ ఖర్చుతో సమకూరే శ్రమా అన్న చర్చ యువ కళాకారుల పథకాలన్నింటి చుట్టూ ఉంది. బృందగానంలో తన గొంతును పదిమంది గొంతుల్లో కలిపేయాలి. ఏకగాయకుడు కావాలంటే అదే గొంతు ప్రత్యేకంగా వినిపించాలి. పగలు సాధన, రాత్రి ప్రదర్శన యువ కంఠాలకు పెద్ద భారం. సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న శాంటా ఫేలో పలుచని పొడిగాలి ఊపిరికీ గొంతుకూ మరో పరీక్ష.

మరో అడ్డంకి శిక్షణకు ముందే ఎదురవుతుంది. ఈ రంగంలో చాలా పథకాలు దరఖాస్తు రుసుము వసూలు చేస్తాయి. గాన పరీక్షల కోసం నగరాలు తిరగడానికి, పియానో సహకారానికి, గురువులకు అయ్యే ఖర్చు అదనం. ఇంటి అండ లేనివారు ప్రతిభ ఉన్నా ఈ గడప దాటలేకపోవచ్చు.

అయినా ఈ దారి ఎక్కడికి చేర్చగలదో చెప్పే ఉదాహరణలున్నాయి. ప్రపంచ ప్రసిద్ధి పొందిన మంద్రస్వర గాయకుడు శామ్యూల్ రేమీ ఇక్కడి శిక్షణార్థే. 1995లో శిక్షణార్థిగా చేరి చిన్న పాత్రలు పాడిన జాయిస్ డిడొనాటో, 2006లో ‘సాంద్రియోన్’లో, 2013లో ‘లా డొన్నా డెల్ లాగో’లో కథానాయికగా అదే వేదికపైకి తిరిగివచ్చారు. అందరికీ ఇంతటి కీర్తి దక్కదు. బోధన, బృందగానం, సంస్థల నిర్వహణ వంటి మార్గాల్లో స్థిరపడేవారూ ఉంటారు.

గీతా వాక్యాలు పాడిన వేదిక

భారతీయ శ్రోతలకు ఆసక్తి కలిగించే ఘట్టం ఒకటి ఇక్కడ 2018లో జరిగింది. తొలి అణుబాంబు ప్రయోగం ఇతివృత్తంగా జాన్ ఆడమ్స్ స్వరపరిచిన ‘డాక్టర్ అటామిక్’ను ఆ ఏడాది ప్రదర్శించారు. బాంబు రూపుదిద్దుకున్న లాస్ అలామోస్ ఈ రంగశాలకు కనుచూపు మేరలోనే ఉంది. ఆ ఒపెరాలో భగవద్గీత విశ్వరూప సందర్శన యోగంలోని వాక్యాలను ఆంగ్లానువాదంలో బృందగాయకులు పాడతారు.

తర్వాతి కాలంలో ఇలాంటి పథకాలు మరెన్నో వచ్చాయి. హ్యూస్టన్ గ్రాండ్ ఒపెరా 1977లో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా 1980లో, లండన్‌లోని రాయల్ ఒపెరా 2001లో యువ కళాకారుల విభాగాలను నెలకొల్పాయి. శాన్ ఫ్రాన్సిస్కో ఒపెరా అనుబంధ శిక్షణలో ఎదిగిన శ్రీలంక సంతతి గాయకుడు శాన్ పనిక్కర్, 2018లో లాస్ ఏంజెలిస్‌లో ఫిలిప్ గ్లాస్ రచించిన ‘సత్యాగ్రహ’లో గాంధీజీ పాత్ర పోషించారు. ఆ ఒపెరా గానమంతా గీత నుంచి తీసుకున్న సంస్కృత పాఠమే.

మన దేశంలో పరిస్థితి

ముంబయిలో 1911లో ప్రారంభమై, 1993లో మూతపడిన రాయల్ ఒపెరా హౌస్ 2016లో తిరిగి తెరుచుకుంది. ముంబయిలో పుట్టి లండన్‌లో శిక్షణ పొందిన సొప్రానో గాయని ప్యాట్రిషియా రొజారియో భారతీయ యువతకు పాశ్చాత్య గానం నేర్పుతున్నారు. అయితే ఏటా అనేక ఒపెరాలు ప్రదర్శిస్తూ, పారితోషికంతో యువ గాయకులను తీర్చిదిద్దే స్థిరమైన సంస్థ దేశంలో ఇంకా ఏర్పడలేదు. అందువల్ల ఈ రంగాన్నే వృత్తిగా ఎంచుకున్నవారికి విదేశీ ప్రయాణం దాదాపు తప్పనిసరి అవుతోంది.

1967లో అగ్నిప్రమాదం ఆపలేకపోయిన శాంటా ఫే ఉత్సవాన్ని 2020లో కోవిడ్ నిలిపివేసింది. ఆ వేసవి ప్రదర్శనలన్నీ రద్దయ్యాయి. వేదికే పాఠశాల అయినచోట ప్రదర్శన ఆగితే పాఠమూ ఆగుతుంది. ప్రేక్షకులు టిక్కెట్టు కొని వచ్చే నిజమైన రంగస్థలం ఉన్నంతవరకే ఇలాంటి శిక్షణ సాగుతుంది. కొత్త గాయకులను కోరుకునే ఏ ప్రాంతమైనా ముందుగా నిలబెట్టుకోవలసింది ఆ రంగస్థలాన్నే.